ఈరన్న కొసరు చుట్టు

సోమందేపల్లి దాటి పెనుకొండ వైపు పోయే హైవే పక్కన హరివిల్లు పార్కు ఉంది. దాని గేటుకు ఎదురుగా యల్లప్ప టీకొట్టు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా పార్కులో ఆటలన్నీ ఆపేస్తారు. పెద్ద చక్రం తిప్పే ఈరన్న ఆ గంటా టీకొట్టు బెంచీ మీదే ఉంటాడు. అక్కడ చక్రం ఆగినా ఇక్కడ ఆయన నోరు ఆగదు.

ఆ రోజు బెంచీకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కొత్త మేనేజరు వనిత కూర్చుని ఉంది. ధర్మవరం పిల్ల, వచ్చి రెండు నెలలైంది. ఒళ్లో ఒక కాగితం. పక్కన హిందూపురం నుంచి వచ్చిన కరెంటు మెకానిక్ కిషోర్, అతని కాళ్ల దగ్గర చిన్న ఇనుప పెట్టె.

కాగితంలో ఏముందో అందరికీ తెలుసు. చక్రం టికెట్టుకు ఐదు చుట్లని బోర్డు మీద రాసి ఉంది. కానీ ఆఖర్న ఈరన్న "ఇది నా కొసరు!" అని అరిచి ఊరికే ఇంకో చుట్టు తిప్పుతాడని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకుంటాయి. కొత్త యాజమాన్యం వచ్చాక ఏనుగు బొమ్మ తొండంలో నీళ్లు ఆగిపోయాయి. మైకులో పాటలు ఆగిపోయాయి. అలల కొలను ఆదివారానికి మాత్రమే మిగిలింది. ఇప్పుడు కొసరు వంతు వచ్చింది. ఆ పెట్టె బిగిస్తే చక్రం ఐదు చుట్లు తిరిగి దానంతట అదే ఆగుతుంది. ఒప్పుకుని సంతకం పెడితే ఈరన్న చక్రంలో జనం కూర్చునే డబ్బాల తలుపులు వేసే పనికి ఉండొచ్చు. లేదంటే మూడు గంటలకు ఇంటికి పోవచ్చు.

"సంతకం పెట్టను, ఇంటికీ పోను" అని పొద్దున్నే చెప్పేశాడు ఈరన్న. అందుకే వనిత కాగితం పట్టుకుని టీకొట్టుకే వచ్చింది. ఆమె వచ్చింది కాబట్టి ఈరన్న ఇంకొంచెం గట్టిగా మొదలుపెట్టాడు.

"వనితమ్మా, నువ్వు చదువుకున్నదానివి. కొసరంటే నష్టమనుకుంటాండావు. నేను మొట్టమొదట కొసరు తిప్పింది ఒగ ముసలామెకు. ముదిగుబ్బ పక్క పల్లె, గొర్రెలోల్లు, ట్రాక్టరేసుకోని ఇంటిల్లిపాదీ వచ్చిరి. సద్దిమూటలు, చిన్నబిడ్డలు, ఒగ మేకపిల్ల గూడా. అప్పట్లో జనం అట్ల వస్తాండ్రి తల్లీ, పొద్దున వస్తే పొద్దు గూకేదాకా పోయేది లేదు. ఆ ముసలామె పుట్టినాంక మిద్దె గూడా ఎక్కలేదంట. చుట్లు అయిపాయ, డబ్బా కిందికొచ్చె, ఆమె దిగదు. 'నాయనా, బయానికి కండ్లు మూసుకోనుంటి, ఏమీ చూడలేదు' అనె. సరే అవ్వా, ఇది నా కొసరు, కండ్లు తెరువు అంటి. తిప్పితి. పైనుంచి పెనుకొండ కోట చూసి ఆమె రెండు చేతులూ ఎత్తి మొక్కె."

"ఈడ బెంచీ మింద కూచున్నా పెనుకొండ కనపడ్తాది గదన్నా" అన్నాడు యల్లప్ప టీ వడపోస్తూ.

"కనపడ్తాది, మొక్కబుద్ది అయితాదా? నువ్వు ఎన్నిసార్లు మొక్కినావు చెప్పు."

యల్లప్ప నవ్వి గ్లాసులు నింపసాగాడు. ఈరన్న వనిత ముఖం వైపు ఓరగా చూశాడు. ఆమె వింటూనే ఉంది. కాగితం మాత్రం ఒళ్లోనే ఉంది.

"ఆమ్మీద ఏమాయెనో తెలుసునా? వారం దినాలకు ఆమె కొడుకు వచ్చె. 'మాయమ్మకు చూపిచ్చినావంట, నాకూ చూపియ్యి' అనె. మీసాలోడు, గట్టోడు. సరేలే అని కొసరు కొంచెం గట్టిగా లాగితి. పైకి పోయినోడు కేకేసె, లేపాక్షి బసవన్న కనపడ్తాండాడని. ఉట్టిగ కనపడేది గాదు తల్లీ, మన చక్రం చప్పుడుకు బసవన్న చెవి ఆడిచ్చె."

"రాతి చెవి ఎట్ల ఆడిచ్చె తాతా?" అన్నాడు కిషోర్.

"రాతి చెవి గాబట్టే మెల్లగా ఆడిచ్చె. నీ తొందరకు కనపడదులే."

కిషోర్ నవ్వు దాచుకోవడానికి గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈరన్నకు అది చాలు. ఎవరైనా ఒక్కరు నవ్వితే ఆయనకు వాన పడ్డ చేను దున్నినట్టే, నాగలి దానంతట అదే సాగుతుంది.

"మీ ధర్మవరం సంగతే చెప్తా విను వనితమ్మా. ఒగ పెండ్లికూతురు వచ్చె. పట్టుచీర అప్పుడే మగ్గం నుంచి దించినారు. తొందరలో కొస కొయ్యకుండానే కట్టుకోని వచ్చింది. ఒగ కొస ఆమె ఒంటి మింద, ఇంగొగ కొస ధర్మవరంలో మగ్గానికే. నేను చూస్తినా? చూడలేదు. కొసరు తిప్పితి. కొంగు పోయి చక్రానికి చుట్టుకొనె. నేను ఈడ తిప్పేకొద్దీ ఆడ మగ్గం దానంతట అదే ఆడ్తాండాది. నేసే ఆయప్ప అన్నం తింటాండాడు, ఇంకా చెయ్యి గూడా కడుక్కోలేదు. చక్రం ఆగేలోపల పన్నెండు చీరలు! పెండ్లికొచ్చిన ఆడోల్లందరికీ అవే పెట్టిరి."

వనితకు నవ్వొచ్చింది. "మాదీ మగ్గం ఇల్లే పెద్దాయనా. పన్నెండు చీరలకు జరీ ఎవరు పెట్టినారు?"

ఈరన్న ఒక్క క్షణం కూడా తడబడలేదు. "జరీ ఎందుకమ్మా? అంత ఎత్తున తిరిగితే ఎండే తగులుకోని వచ్చె."

ఆమె కాగితాన్ని ఒకసారి మడిచి, మళ్లీ విప్పింది. ఈరన్న లోపల ఎక్కడో చిన్న ఆశ లేచింది. గొంతు పెంచాడు.

"ఇంగొగ యేడు వాన లేదు. శనక్కాయ చేలు ఎండిపోతాండాయి. మబ్బులు రావా అంటే వస్తాయి. మన తల మిందనే పోయి, మడకశిర దాటి, ఆపక్క కర్ణాటకలో కురుస్తాయి. మనకు నీడ మాత్రం పెట్టి పోతాయి."

"ఆ మాట నిజమబ్బా" అన్నాడు యల్లప్ప.

"నాకు కోపమొచ్చె. డబ్బాల నిండా జనాన్ని ఎక్కిచ్చి కొసరు ఎంత ఎత్తుకు లాగితినంటే, డబ్బాలు పోయి మబ్బులో మునిగె. బావిలో బాన ముంచినట్టు ముంచి, తోడి, కిందికి దించితి. పన్నెండు డబ్బాలు గదా, దించేది ముంచేది, దించేది ముంచేది. సోమందేపల్లి చెరువు అలుగు పారె!"

"మరి ఎక్కినోల్లు?" అన్నాడు కిషోర్.

"తడిసిరి. దిగి తుడుచుకునేదానికి టవలు అడిగిరి. పార్కోల్లు ఇయ్యలేదు. ఖర్చు తగ్గిచ్చేది ఆపొద్దే మొదలాయె."

ఈసారి వనిత గట్టిగానే నవ్వింది. నవ్వి, గడియారం చూసుకుంది. మూడుకు ఇంకా పది నిమిషాలున్నాయి. ఈరన్న కూడా ఆ చూపును చూశాడు. ఇక పెద్ద కథను దాచిపెట్టుకోవడానికి సమయం లేదు.

"అసలుది ఇప్పుడు చెప్తా. కొసరు చుట్టుకు కరెంటు దండగని రాసినారంట కాగితంలో. కొసరుకు నేను కరెంటు వాడితే గదా? ఐదు చుట్లు కాంగానే స్విచ్చి ఆపేస్తాంటి. జనం సంబరానికే చక్రం తిరుగుతాంటాది. ఒగనాడు పెనుకొండ ఉరుసుకు వచ్చిన జనమంతా ఈడికొచ్చిరి. ఆ సంబరానికి చక్రం తిరిగి తిరిగి, మీటరు ఎనక్కి తిరగబట్టె. ఎనక్కి పోయి పోయి పార్కు కట్టకముందు తారీకుకు పాయ. మిగిలిన కరెంటు తీగల్లో పడి హిందూపురం పాయ. ఆడ ఫ్యాక్టరీలన్నీ మూడు దినాలు దాంతోనే నడిచె. ఆ మూడు దినాలు మిషన్లు గూడా లెక్క పూర్తయినాంక ఒగొగటి కొసరు జేసిచ్చె!"

కిషోర్‌కు టీ ముక్కులోకి పోయింది. యల్లప్ప వాడి వీపు మీద తట్టాడు. ఈరన్న తలపాగా సర్దుకుని వనిత వైపు చూశాడు.

ఆమె నవ్వు ఆపి, పెన్ను తీసింది.

"కథ బాగుంది పెద్దాయనా. కానీ నేను పైకి కథ పంపలేను. ఆరు చుట్లలో ఒకటి దండగ పోతాండాది, ఆపమని రాసినారు. నిన్ను పంపించాలని నాకూ లేదు. సంతకం పెట్టేసెయ్."

ఈరన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎదురుగా రోడ్డుకు అవతల ఆగి ఉన్న చక్రం ఎండలో నిలబడి ఉంది.

అప్పుడు నాగమ్మ నోరు తెరిచింది. పార్కు గేటు పక్కన ఉడకేసిన శనక్కాయలు అమ్మే నాగమ్మ, ఇంతసేపూ టీకొట్టు గుంజకు ఆనుకుని వింటూ ఉంది.

"ఏమప్పా ఈరన్నా, కొసరెయ్యకముందు నువ్వు ఎన్ని చుట్లు తిప్పుతావు?"

"ఐదు. బోర్డు మింద రాసుండ్లా?"

"నాలుగు."

కిషోర్ గ్లాసు కింద పెట్టి నాగమ్మ వైపు తిరిగాడు.

"పద్దెనిమిదేండ్లుగా నీ చక్రానికి ఎదురుగా కూచోనుండా" అంది నాగమ్మ. "గిరాకీ లేనప్పుడు నాకేం పని? ఎర్ర డబ్బాను గుర్తు పెట్టుకోని లెక్కేస్తాంటా. నాలుగుసార్లు కిందికొస్తాది. నువ్వు గొళ్లెం మింద చెయ్యి పెడతావు. లోపలోల్లు అయిపోయిందనుకోని కాళ్లు చాపుతారు. అప్పుడు కొసరని అరిచి ఐదోది తిప్పుతావు. ఆరోది తిరగంగ నేను ఒగనాడూ చూడలేదు."

వనిత పెన్ను అలాగే పట్టుకుని ఈరన్నను చూసింది. "నిజమా పెద్దాయనా?"

నిజమంటే దండగ లేదని తేలి ఈరన్న పని నిలుస్తుంది, పద్దెనిమిదేళ్ల పేరు పోతుంది. అబద్ధమంటే పేరు నిలుస్తుంది, చక్రం పోతుంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ ఒక్క మాట దగ్గర ఆ బలం ఆయనకు ఎందుకూ పనికి రాలేదు.

"నిజమే" అన్నాడు.

అంత చిన్న గొంతు ఆయనకుందని యల్లప్పకు అప్పటిదాకా తెలియదు.

"మా నాయన నేర్పిన పని తల్లీ. కరెంటు యాడిది అప్పుడు? కొయ్య రాట్నం, నాలుగు గుర్రాలు, ఒగ నెమలి. ఎద్దులబండి మింద ఏసుకోని జాతర జాతరకూ పోతాంటిమి. నాయన బుజంతో తోసేవాడు. పది తిప్పల్లంటే తొమ్మిది తిప్పి నిలిపేవాడు. నిలిపి, బిడ్డల మొగాలు చూసేవాడు. మొగాలు చిన్నబోతాయి గదా, అప్పుడు 'పొండ్రా, ఇది నా కొసరు' అని పదోది తోసేవాడు. పదీ ఒగటే తూరి తిప్పితే దిగి పోతారు. అట్ల తిప్పితే మాత్రం తిరిగి తిరిగి చూసుకుంటా పోతారు. ఎవురి సొమ్మూ తినలేదమ్మా. చక్రానికి పట్టిన కరెంటు ఐదు చుట్లదే."

వనిత కాగితంలో ఆరు చుట్లని రాసిన చోట వేలు పెట్టింది.

"మరి ఇందులో ఆపేదానికి ఏముంది?" అంది ఎవరితోనో అన్నట్టు. తర్వాత కిషోర్ వైపు తిరిగింది. "నీ పెట్టె నాలుగు తిప్పి, ఆగి, మళ్లీ ఒకటి తిప్పుతుందా?"

"తిప్పుతాది మేడమ్. ఎట్ల చెప్తే అట్ల తిప్పుతాది." కిషోర్ ముక్కు తుడుచుకున్నాడు. "అరిచేదానికే రాదు."

"అయితే తీసుకుని పో. ఆరో చుట్టు లేదు, మేనేజరు చూసి లెక్క సరిచేసిందని పైకి రాస్తాను." ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. "మూడైంది పెద్దాయనా. జనం వరుసలో నిలబడినారు."

ఈరన్న లేచాడు. లేచాడు గానీ రోడ్డు దాటలేదు. నాగమ్మ ముందు నిలబడ్డాడు. కోపమో సిగ్గో ఆయనకే తెలియలేదు.

"ఏమ్మే, పద్దెనిమిదేండ్లు లెక్కపెట్టినదానివి, ఒగనాడన్నా నోరెందుకు తెరవలేదు?"

నాగమ్మ గంప నెత్తికి ఎత్తుకుంది.

"నా మనవరాలు, మా రాధిక కూతురు, ఎక్కిండ్లా మొన్న? దిగి పరిగెత్తుకోనొచ్చి, 'అవ్వా, ఆ తాత నాకొక్కదానికే ఊరికే ఇంగొగ చుట్టు తిప్పినాడు' అనింది. ఆ బిడ్డకు నేను లెక్క చెప్పల్లనా?"