షానన్‌లో తగ్గిన క్షిపణులు

ఆదివారం మధ్యాహ్నం టీ వేళకు ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊళ్లో జనార్దనరావు గారింట ఇరుగుపొరుగు తెలుగువాళ్లు చేరారు. వారిలో రాజ్‌కిరణ్, ఆశ్రిత దంపతులకు మాత్రం టీ గొంతు దిగడం లేదు. వారి అద్దె ఇంటి గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది; ఊళ్లో మరో ఇల్లు దొరకడం లేదు. యజమానితో మాట్లాడి ఇంకొక సంవత్సరం ఇప్పించే పూచీ తనదని జనార్దనరావు గారు పదిహేను రోజుల క్రితమే మాట ఇచ్చారు.

“అంకుల్, మా ఇంటి విషయం మాట్లాడారా?” అని ఆశ్రిత అడిగింది.

“తొందరపడకమ్మా! రాయబారమన్నది సన్నని సెగ మీద ఉడకాలి. నేను షానన్ విమానాశ్రయం క్యాంటీనులో పనిచేసే రోజుల్లో రెండు అగ్రరాజ్యాల దూతలు అణ్వాయుధాలు తగ్గించుకునేందుకు గుట్టుగా అక్కడికి వచ్చారు. విలేకరులు లేరు, ఫొటోలు లేవు. నేను చేసిందల్లా టీ అందించడమే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు.”

“అది మాకు తెలియనిదా!” అన్నాడు పక్కింటి తిరుపతయ్య.

“మూడు రోజులైనా ఎవరూ ముందుగా అంకె చెప్పరు, టీ మాత్రం చల్లారిపోతోంది. అప్పుడు నాకు మన విందులు గుర్తుకు వచ్చాయి. చాలు చాలన్నవాడికి ‘నా మీద ఒట్టు, ఇంకొక్కటి’ అంటూ వడ్డిస్తామే, దానిని తిరగేశాను! ఒక దూత చేయి నా తల మీద పెట్టుకొని, ‘అయ్యా, ఒక్క క్షిపణి తగ్గించండి, నా మీద ఒట్టు’ అన్నాను. ఆయన మొహమాటపడి ఒకటి తగ్గించాడు. ఎదుటివాడికి పౌరుషం వచ్చి రెండు తగ్గించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంకాలానికి నాలుగు వేలు! రాసుకునే గుమాస్తాకు చేయి వాచిపోయింది.”

“ఒట్టు ఏ భాషలో వేశారు?” అన్నాడు రాజ్‌కిరణ్.

“తల మీద చేయి పెట్టాక భాషెందుకయ్యా? సరే, తగ్గించినవాటిని విప్పేదెవరు? నేనే! వాటిని మోసుకొచ్చిన జలాంతర్గాములు మన ఫెర్గస్ నదిలో బారులు తీరాయి. ప్రెషర్ కుక్కర్ పద్ధతే: ముందు విజిల్ తీసి, ఆవిరి పోనిచ్చి, ఆపైన మూత తిప్పడం.”

ఆశ్రిత ఫోన్ పట్టుకొని మెల్లగా బయటికి వెళ్లింది.

“ఆ నదిలో మా పిల్లల పడవే బురదలో దిగబడిపోయిందండీ!” అన్నాడు తిరుపతయ్య.

“అందుకేగా, పోటు కాస్త పెంచమని చంద్రుడికి కబురంపాను! చివరికి ఇద్దరు దేశాధినేతలూ వచ్చి, ఆయుధాలు పేల్చే మీటల తాళాలు నా చేతిలో పెట్టి, ‘రావుగారూ, ఇవి మీ దగ్గరుంటేనే మాకు నిద్ర’ అన్నారు. ఇప్పటికీ మా పోపులపెట్టెలో, మెంతుల గిన్నె కింద ఉన్నాయి.”

“ఆ పెట్టెను పొద్దుననే కడిగానండీ,” అన్నది ఆయన భార్య సుగుణ. “తాళాలేమీ లేవు.”

“నీ కంటపడితే అది రహస్యమెలా అవుతుందే!”

ఆశ్రిత తిరిగి వచ్చి కూర్చుంది. “బాగుంది అంకుల్. మరి మా యజమాని సంగతి?”

“అది ఎప్పుడో ముగిసిందమ్మా! గురువారమే ఆయన ఇంటికి వెళ్లాను. ఆరడుగుల మనిషి, ఎర్రని గడ్డం. ముందు కస్సుమన్నాడు. చేయి నా తల మీద పెట్టించుకున్నానో లేదో, కరిగి నీరయ్యాడు. ‘ఎన్నేళ్లైనా ఉండమనండి’ అన్నాడు.”

ఆశ్రిత నవ్వాపుకోలేకపోయింది. “మా యజమాని ఎనభై ఏళ్ల ముసలమ్మగారు, అంకుల్! మీరు క్షిపణులు విప్పుతుండగా ఆవిడకు ఫోన్ చేశాను. ‘గ్రాండ్, భేషుగ్గా ఇంకో ఏడాది ఉండండి. ఎవరూ వచ్చి అడగరేమా అని పదిహేను రోజులుగా చూస్తున్నాను’ అన్నారు.”

రాజ్‌కిరణ్ ఒక్క గుక్కలో టీ తాగేశాడు.

“అయితే రావుగారూ,” అన్నాడు తిరుపతయ్య, “గురువారం నాడు ఇల్లు తప్పి వెళ్లి, ఏ గడ్డపాయన చేత తల నిమిరించుకొని వచ్చారండీ?”