ముందు మామ్మగారు లేవాలి: ఈల టీచరమ్మగారి ముప్పయ్యారేళ్ల సేవ

1989 జూన్ 12, సోమవారం ఉదయం పది గంటలకు, అగ్నిమాపక కార్యాలయపు రికార్డుల గదిలో ఒక యువతి గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. నేడు ఊరంతటికీ ‘ఈల టీచరమ్మ’గా సుపరిచితురాలై, ముప్పయ్యారేళ్ల అవిరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన సహోద్యోగిని ఆమే. ఆ తొలి దినాన ఆమెకు అప్పగించినవి కిటికీ ఎత్తున పేరుకుపోయిన ప్రమాద నివేదికలు, వాటిని దులపడానికి ఒక పాత గుడ్డ.

దులిపి వరుసలో పెట్టమంటే ఆమె వాటిని చదవడం మొదలుపెట్టారు. కళ్లద్దాల కోసం వెనక్కి వెళ్లిన తండ్రి ఒక కాగితంలో ఉన్నాడు. బిడ్డ లోపలే ఉందనుకుని మళ్లీ పొగలోకి వెళ్లిన తల్లి ఇంకో కాగితంలో ఉంది. ఆ బిడ్డ అప్పటికే పక్కింటి మెట్ల మీద క్షేమంగా కూర్చుని ఉంది. రెండేళ్లు ఇవే చదివి మనసు వికలమై, ఒకనాడు ఆమె తిన్నగా అధికారిగారి గదిలోకి వెళ్లారు.

“సార్, మంటలార్పడం మనవాళ్లకి బాగానే వచ్చు. బయటికి రావడం ఆ ఇంట్లోవాళ్లకి ఎవరు నేర్పుతున్నారు?”

ఆయన సొరుగులోంచి ఒక ఈల తీసి బల్ల మీద పెట్టారు. “ఇంకెవరున్నారమ్మా, మీరే వెళ్లి నేర్పండి.”

నాటి నుంచి ఆమె ఇంటింటికీ వెళ్లి, ఈల వినబడగానే కుటుంబమంతా ఇల్లు విడిచి, ముందుగా అనుకున్న ఒకే చోట చేరుకోవడం అభ్యాసం చేయించసాగారు. మొదట్లో ఎదురైనవి పరిహాసాలే. “మా ఇంట్లోంచి మేం బయటికి రావడం కూడా మీరే నేర్పాలా అమ్మా?” అని ఒక ఇంటాయన వేళాకోళం చేస్తే, “ఒక్కసారి కళ్లు మూసుకుని రండి అన్నయ్యగారూ” అన్నారు. ఆయన స్టూలు తన్నుకుని, గోడలు తడుముకుని, చివరికి స్నానాల గదిలో తేలారు. ఆనాడు ఆయన భార్య పడీ పడీ నవ్విన వైనం ఆమె నేటికీ ముచ్చటగా చెబుతారు.

ఇక ఒక సంగతి ప్రస్తావించక తప్పదు. దాన్ని దాచి పొగిడితే ఆమే ఒప్పుకోరు; ఈ వ్యాసానికి ఆమె పెట్టిన షరతు అదొక్కటే.

ఉద్యోగంలో చేరిన ఎనిమిదో ఏట, ఆమె ఒక దర్జీ కుటుంబానికి శిక్షణ ఇచ్చారు. దర్జీ, భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఈల వినగానే వీధి కుళాయి దగ్గరికి చేరేవారు. దర్జీ తల్లి కూడా మోకాళ్లు పట్టుకుని లేవబోతే, “అయ్యో మామ్మగారూ, మీకెందుకండీ ఈ శ్రమ? మీరు కూర్చోండి” అన్నారు టీచరమ్మగారు. పెద్దరికం పట్ల గౌరవంతో అన్న మాటే. అభ్యాసం చేయించిన మూడుసార్లూ మామ్మగారు కుర్చీలోనే కూర్చుని, పిల్లలకు చప్పట్లు కొట్టారు.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, భార్యాభర్తలు దారపు కండెలు కొనడానికి వెళ్లిన వేళ, ఆపడం మరిచిన ఇస్త్రీపెట్టె నుంచి బట్టల మూటకు నిప్పంటుకుంది. అగ్నిమాపక వాహనంతోపాటు ఆమె చేరుకునేసరికి, పిల్లలిద్దరూ నేర్పింది నేర్పినట్టే కుళాయి దగ్గర నిలబడి ఉన్నారు.

“మామ్మగారేరీ?”

“నానమ్మ ఎప్పుడూ రాదుగా!” అంది పెద్దపిల్ల.

ఆ మాట వింటూనే ఆమె సిబ్బందిని కేకేశారు. సిబ్బంది పొగలో పాక్కుంటూ వెళ్లి, వెనక గదిలో కుర్చీలోనే స్పృహ తప్పి ఉన్న వృద్ధురాలిని మోసుకొచ్చారు. ఆసుపత్రిలో మూడోనాటికి గాని ఆవిడ కళ్లు తెరవలేదు. తలవంచుకుని మంచం పక్కన నిలబడిన టీచరమ్మగారి చెయ్యి పట్టుకుని, బొంగురుపోయిన గొంతుతో ఆవిడ అన్నారు: “పిల్లలు భలే పరిగెత్తారే అమ్మా! నేనూ నువ్వు చెప్పినట్టే చేశాను. కదల్లేదు.”

ఆ సాయంత్రమే ఆమె రాజీనామా రాశారు. ప్రమాద నివేదికలో ‘ప్రాణాపాయానికి కారణం’ అన్న గడిలో ‘బోధకురాలి పొరపాటు’ అని స్వహస్తాలతో నింపారు. రెండు కాగితాలూ అధికారిగారికి ఇచ్చేలోగా, ఇంటికి చేరిన మామ్మగారు కబురంపారు. వెళితే, ఆవిడ కుర్చీ అంచున సిద్ధంగా ఉన్నారు. “ఊదమ్మా. నాకెంతసేపు పడుతుందో చూద్దాం.”

నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. మంచం ముందుగదిలోకి మార్చి, గోడకు పట్టుకునే కర్ర బిగించి, పెద్దపిల్ల భుజం ఆసరాగా ఇస్తే నెల తిరిగేసరికి అది నిమిషం ఇరవై సెకన్లకు దిగింది. రాజీనామా చెత్తబుట్టలోకి వెళ్లింది, నివేదిక అధికారిగారి బల్ల మీదికి వెళ్లింది. నాటి నుంచి ఏ ఇంట్లోనైనా ముందు లేవాల్సింది అందరికంటే నెమ్మదిగా నడిచేవారే. ఆ నివేదిక నకలును కొత్తగా చేరే ప్రతి బోధకుడికీ మొదటి రోజే ఇస్తూ వచ్చారు. తన తప్పును మాకు పాఠంగా పెట్టిన ఆ సహృదయతకు మేమంతా రుణపడి ఉన్నాం. ఎన్నో ఇళ్లలో ఎందరో అవ్వలూ తాతలూ ఆ పాఠం వల్లనే నేడు వీధి గుమ్మాలు దాటగలుగుతున్నారు.

మొన్న వీడ్కోలు సభ ఏర్పాట్లు చూడటానికి ఆమె కూతురు కార్యాలయానికి వచ్చింది. “అమ్మా, చేసింది చాలు. ఇక నువ్వు హాయిగా కూర్చో” అంది ప్రేమగా. టీచరమ్మగారు మెడలోని ఈల తీసి కూతురి చేతిలో పెట్టి, “రేపు నేను ముసలిదాన్నయ్యాక ఇది ఊదు. కూర్చోమని మాత్రం అనకు” అన్నారు.

ఆ మోకాళ్లలో సత్తువ సన్నగిల్లకుండా, ఆ శ్వాస బరువెక్కకుండా, భర్తతో బిడ్డలతో మనుమలతో ఆమె దీర్ఘకాలం ఆరోగ్యంగా జీవించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. తొంభయ్యో ఏట కూడా ఆ ఇంట్లో ఈల మోగినప్పుడు, అందరికంటే ముందు ఆమే లేచి నిలబడాలి.