గంగ పడిన నాడు మరిచిన మనిసి

ఓబులమ్మ అని బయపరెడ్డి కోడలు. పెండ్లై నాలుగు నెల్లు గూడా కాలేదనుకో. ఆ యేడు వానల్లేక బయపరెడ్డి చేన్లో బావి తవ్విస్తాండె. ఇరుకు బావి, అడుగున ఒక్క మనిసే పట్టేది. ఆ దిగేటోడు మారెన్న. పొద్దున్నే మోకు పట్టుకొని దిగితే మళ్లా పొద్దుగూకినాకే పైకి. పైనున్నోళ్లకు మన్ను గంప వస్తాందా లేదా, అంతే, వాని మొగం ఎవురు చూసిరి? ఓబులమ్మ ఒక్కతే రోజూ అంబలి ముంత దించి "తాగినావా మారెన్నా?" అని అడిగేదంట. అడిగితే నోరేమన్నా అరిగిపోతాదా, చెప్పండి!

ఏమైందంటే, ఇరవయ్యో నాడు గంగ పడె, అడుగున నీళ్లు ఊరబట్టె. మారెన్నే మొదటి కడవ నింపి పైకి పంపినాడు. ఇంగ చూడు సంబరం! పలకలు మోగబట్టె. బయపరెడ్డి కడవకూ మోకుకూ పసుపు పూసి, మోకు మెడలో ఏసుకొని, కడవ నెత్తినెత్తుకొని గంగమ్మ తల్లి గుండురాయికాడికి బయల్దేరినాడంట. ఆ ఊర్లో ఒక కట్టు ఉంది. కడవ తల్లికి చూపించి తిరిగొచ్చేదాకా కొత్త బావిలోకి ఎవురూ తొంగి చూడగూడదు, చూస్తే గంగ అలిగి ఎనక్కి పోతాదంట. అంతా కడవ ఎనకాలే పోయిరి. చేన్లో ఓబులమ్మ, వాళ్లత్త ఇద్దరే వంటకాడ మిగిలిరి. అత్త విస్తళ్లు పరుస్తాంటే ఓబులమ్మ చూసి, మారెన్నకేదత్తా విస్తరి, అనె. మారెన్న ఎవురే? అదే, బావి తవ్వే ఆయన. వాడూ పోయుంటాడు లేవే అందరితో. మరి పైకి ఎవురు లాగిరత్తా? మోకు మామ మెడలో పాయె గదా!

ఓబులమ్మ బావికాడికి ఉరికె. బావికి ఈపు పెట్టి "మారెన్నా! మారెన్నా!" అని పిలిచె. పలుకు లేదు. చూస్తే గంగ పోతాది, ఊరంతా తననే తిట్టిపోస్తాది. చూడకుంటే? "వద్దే, నా కొంప ముంచొద్దే!" అని అత్త అరుస్తానే ఉంది, ఓబులమ్మ చూసేసె. నీళ్లు వాని గొంతుదాకా వచ్చినాయి. గోడంతా జిగట మన్ను, యాడా పట్టు లేదు, వానికి ఈత రాదు. "అమ్మా, మోకు" అన్నాడంట, అదీ గాలి మాదిరి.

పరిగెత్తింది చూడు! కొంగు జారినా చూసుకోలే. మామ ఎదుట ఏ పొద్దూ నోరిప్పని పిల్ల, ఎదురుబోయి ఆయన మెడలో మోకు పట్టి లాగె. "బావిలో మనిసుండాడు మామా!" "ఎవురే?" "గంగను తెచ్చినోడు!" పలకలు ఆగిపాయె. అయ్యో, వాన్ని లాగనేలేదే అని ఎవురో గొణిగిరంట. ఇంగ అంతా ఒకటే పరుగు. వాళ్లు పోయేతలికి నీళ్లపైన మొగం, రెండు చేతులు మాత్రమే కనబడతాండాయి. మోకేసి లాగిరి. నీళ్లు కక్కుకొని కూచున్నాడు. బయపరెడ్డికి తల కొట్టేసినట్లయి, "అరవకపోతివేందిరా?" అనె. "అరిస్తి రెడ్డీ, గొంతు పోయేదాకా అరిస్తి. మీరు పలకలు వాయిస్తాంటిరి గదా."

గంగ యాడికీ పోలేదులే, ఆ బావి ఇప్పటికీ పారతాంది. ఊర్లో కట్టు మాత్రం మార్చినారు. గంగ పడితే ముందు మనిసిని లాగల్ల, ఆ తర్వాతే కడవ. మనిసిని పైకి లాగనీకి గూడా ఊరు కూచోని కట్టు పెట్టుకోవాల్సొచ్చె, ఏం మనుసులప్పా మనం!