పసుపెక్కిన గాజు

కెమెరాలు బాగుచేసే కొట్లో, కిటికీ వెలుతురు పడే బల్లమీద, గడియారాల రిపేరాయన కూతురు ఒక చిన్న గాజుబిళ్ల పెట్టింది.

“ఈ పసుపు కాస్త పోగొట్టండి బాబాయ్. ఇందులోంచి చూస్తే వెండి ముళ్లు కూడా బంగారమైపోతున్నాయి.”

“అలాగైతే దీన్ని నాకే అమ్మెయ్. ఉండు, పాత లెన్సు ఏదొచ్చినా ముందు మీటర్ పెడతాను.”

“అదేంటి, మీటర్ అలా టకటకలాడుతోంది?”

“వెనకటికి కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపేవారు. దాన్నుంచి రేడియేషన్ వస్తుంది. పసుపెక్కిందీ అందుకే.”

“అమ్మో. ముట్టుకోవచ్చా?”

“ముట్టుకోవచ్చు. కెమెరాకి ఉన్నంతసేపూ పెద్ద భయం లేదు. మీ నాన్న దగ్గరికెలా వచ్చింది?”

“పాడైన కెమెరాలోంచి ఊడదీసి, కంటికి పెట్టుకునే గొట్టంలో బిగించుకున్నారు. కొన్నవాటికన్నా బాగా కనిపిస్తోందని మురిసిపోయేవారు.”

“కంటికి ఆనించా? రోజుకి ఎన్ని గంటలు?”

“ఎనిమిది. అలా పన్నెండేళ్లు. ఆ కంటికే పొర కమ్మింది. వయసు కదా అనుకున్నాం.”

“వయసే కావచ్చు తల్లీ. మరి ఇప్పుడు ఆయన కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు?”

“నేనే. ఆరేళ్లయింది.”

“ఈ అద్దంతోనేనా?”

“నాన్నది కదా అని.”

“ఇక దీన్ని ఇక్కడే వదిలెయ్. ఇదిగో, ఇది నా మామూలు అద్దం. రోజూ పెట్టుకునే కంటికే పెట్టుకుని, ఈ కాగితం మీదున్నది చదువు.”

“మసగ్గా ఉంది బాబాయ్. కాస్త తుడిచివ్వండి.”

“తుడిచే ఇచ్చానమ్మా.”