శకునపు కోళ్ళు

“బావా నుమేరియస్, చచ్చాం! మనం వచ్చిన దారికి అడ్డంగా చెట్లు నరికి పడేశారు!”

“గాలికి కూలాయేమో, ఓపిటర్.”

“గాలి గొడ్డలి పట్టుకు తిరుగుతుందా? పైన గుట్టల మీద కార్తేజీవాళ్ళ గుర్రాలు సకిలిస్తున్నాయి. ఈ మంచు విడిపోయిందా, మనల్ని ఈటెలతో గుచ్చేస్తారు.”

“సేనాపతికి చెప్పావా?”

“చెప్పాను. ‘రోమ్ శతాధిపతివై మేకల కాపరిలా బెదురుతావేం? కోళ్ళు గింజలు తిన్నాయి, దేవతలు నడవమన్నారు’ అన్నాడు. మళ్ళీ నోరెత్తితే తల తీయిస్తాట్ట. ముందు వరస కనుమలోకి దిగుతోంది. మన కైసో అందులోనే ఉన్నాడు. నీ కన్నకొడుకు బావా! నా మేనల్లుడు!”

“తెలుసు.”

“తెలిస్తే లే! శకునపు కోళ్ళను చూసేది నువ్వే. మళ్ళీ గింజలు వెయ్యి. ముట్టలేదని ఒక్క మాట చెప్పు. ఆయన ఆగి తీరాలి.”

“ముడతాయి.”

“వెయ్యకుండానే ఎలా తెలుసు?”

“తెలుసు, అంతే.”

“పోనీ, తిన్నా తినలేదని చెప్పు.”

“అదిగో, ఆయన మనిషి పంజరం పక్కనే నిలబడ్డాడు. వాడికి కళ్ళు లేవా?”

“అయితే వేసి చూద్దాం. ఇలా తే ఆ గింజలు... అయ్యయ్యో, ఇదేం తిండి! ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. మన్ను పోసినా మింగేలా ఉన్నాయి. వీటికి మేత పెడుతున్నావా, బావా?”

“బాకా ఊదారు. విన్నావా?”

“మాట దాటెయ్యకు. మేత ఎప్పుడు పెట్టావు?”

“ముందు వరస లోపలికి వెళ్ళిపోయింది, ఓపిటర్. ఒక్కడూ కనబడటం లేదు.”

“ఎప్పుడు పెట్టావని అడుగుతున్నా!”

“అరవకు. ఆ మనిషి ఇటే చూస్తున్నాడు.”

“చూడనీ! మనం ఎలాగూ చచ్చేవాళ్ళమే. చెప్పు!”

“మొన్నటి నుంచి పెట్టలేదు. మొన్న కైసో కాపలాలో నిద్రపోయాడు. నీకు చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ దండు విడిదిలోనే ఉంటే తోటివాళ్ళే వాణ్ణి కర్రలతో కొట్టి చంపేవాళ్ళు. దండు కదిలితే శిక్ష ఆపి, ముందు వరసలో నిలబెడతామన్నారు. కోళ్ళు తింటే దండు కదులుతుంది కదా. వాణ్ణి బతికించుకుందామని కోళ్ళను నేనే మాడ్చాను.”