పాత నంబరు

రాష్ట్రంలో స్వచ్ఛంద సంస్థలు ఎన్ని ఉన్నాయో, ఏమేం చేస్తున్నాయో లెక్క తీసే సర్వే అది. వివరాలు రాసుకోడానికి వచ్చిన అమ్మాయికి ఆ రోజు ఇది ఏడో గుమ్మం. ఇంటి ముందుగదే ఆఫీసు. బల్ల మీద పాత తీగ ఫోను, దాని వెనక పెద్దాయన.

“మీది ఏ రంగమండీ? చదువా, వైద్యమా?”

“తప్పిపోయిన పిల్లల్ని వెతుకుతామమ్మా.”

“ఆ గడి ఇందులో లేదండీ. ‘ఇతరాలు’ అని రాస్తాను. ఎంతమంది పనిచేస్తారు?”

“మా ఆవిడ పోయాక నేనొక్కణ్ణే.”

“ఇప్పటిదాకా ఎందర్ని ఇళ్లకు చేర్చారు?”

“నలభై ముగ్గుర్ని. ఈ రెండేళ్లలో ఒక్కర్నీ లేదు. కాళ్లరిగేలా తిరిగాను తల్లీ, ఇక అరగడానికి కాళ్లే మిగల్లేదు.”

ఆమె కలం ఆగింది. రెండేళ్లు పని లేకపోతే ‘మూతపడింది’ అని రాయమన్నారు.

“పోనీ, మీ సెల్లు నంబరు ఇవ్వండి బాబాయ్‌గారూ. మా పుస్తకంలో వేస్తాం. రాష్ట్రమంతా చూస్తుంది.”

“వద్దమ్మా, ఈ ఫోను నంబరే వెయ్యి. రాష్ట్రం చూస్తుంది గానీ, మా పాపకి సెల్లు నంబరు తెలీదుగా.”

“మీ పాపా?”

“ఆ నలభై ముగ్గురూ దాన్ని వెతుకుతుంటే దొరికినవాళ్లే. ఐదో ఏట, జనంలో నా చెయ్యి జారి తప్పిపోయింది. ఆ ముందు వారమే వాళ్లమ్మ ఈ నంబరు కంఠతా పట్టించింది.”

ఆమె తల దించుకుని ‘నడుస్తోంది’ గడిలో టిక్కు పెట్టింది.

“నంబరు చెప్పండి బాబాయ్‌గారూ.”

ఆయన కళ్లు మూసుకుని, ఒక్కో అంకే రాగం తీస్తూ, ఐదేళ్ల పిల్ల అప్పజెప్పినట్టు చెప్పాడు.