జనరల్ క్రైటన్ చెప్పాల్సిన పేర్లు

అమెరికాలోని జార్జియాలో, బానిసత్వం నిలుపుకోడానికి దక్షిణాది రాష్ట్రాలు చేసిన యుద్ధంలో ఓడిన ఆరేళ్ళకి, ఒక ఉదయం. ఒకప్పటి జనరల్, ఇప్పటి శాసనసభ్యుడు ఆబ్సలం క్రైటన్ రాజధానికి బయల్దేరుతుంటే, భార్య థియోడోషియా తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఈ గడప దాటితే నా మీద ఒట్టే."

"జరుగు డోషియా. రైలు వెళ్ళిపోతుంది."

"పోనీండి. మీకు జ్వరమని కబురు పంపుదాం."

"మొన్న ఆ నల్లపిల్లల బడి తగలబెట్టిందెవరని ఇవాళ శాసనసభలో అడుగుతారు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే."

"ముసుగులేసుకున్నారుగా. ఎవరో తెలీదనండి."

"యుద్ధంలో నాలుగేళ్ళు నా వెనక నడిచినవాళ్ళు. ముసుగేస్తే మాత్రం పోల్చుకోలేనా? ఒక్కొక్కడి నడకే చెప్తుంది."

"పేర్లు... పేర్లు చెప్పేస్తారా? మన కొంప కూడా అంటిస్తారండీ! యుద్ధంలో ఒక చెయ్యి పోయినా మనిషి దక్కారనుకున్నాను. ఇప్పుడు వీళ్ళ చేతుల్లో..."

"ఆ పంతులు బడి లోపలే ఉన్నాడు."

"ఐజాక్ వోమాకా? పారిపోయాడని ఊరంతా అంటోందే?"

"బడి ఖాళీగానే ఉందనుకున్నాను నేనూ. అరుపులు వినేదాకా."

"దేవుడా."

"కాసిని నీళ్ళియ్యి."

"ఇదిగో, తాగండి. ఫిరంగులకే భయపడని మనిషి మీరు. ఏమన్నారు వాళ్ళు? చంపుతామన్నారా?"

"లేదు."

"నా దగ్గర దాచకండి. మీ బండికి అడ్డమొచ్చారుగా. తుపాకులు ఎత్తలేదూ?"

"ఎత్తారు."

"చూశారా! గురి పెట్టారన్నమాట."

"గురి పెట్టలేదు."

"మరెందుకెత్తారు?"

"కిందటి నెల ఎన్నికల సభలో నేనేమన్నానో గుర్తుందా?"

"నల్లవాళ్ళ బడి మన ఊళ్ళో నిలవకూడదన్నారు. జనం టోపీలు ఎగరేశారు. ఇప్పుడా గోలెందుకు? అడిగినదానికి చెప్పండి. తుపాకులెందుకెత్తారు?"

"వరసగా నిలబడి, ఆ తుపాకులతో నాకు సైనిక వందనం చేశారు డోషియా. 'మీ ఆజ్ఞ నెరవేర్చాం, జనరల్‌గారూ' అన్నారు. ఇప్పుడు చెప్పు, శాసనసభలో ముందు ఎవరి పేరు చెప్పమంటావు?"